మారువేషము, మాయటోపీ, నాలుగు వందల గళ్ళు

కష్టపడి నేర్చిన విద్య విలువ ఎంత? అంగడిలో చవకగా దొరకు వస్తువు ఆ విద్యకు సాటి రాగలదా? ఈ ప్రశ్న ఇంటిలోను, బడిలోను, వృత్తులలోను తరచుగా తల ఎత్తుచుండును. దీనికి మాటలతో జవాబు చెప్పుట సులభము. కొలిచి చెప్పుట కష్టము. కాని కొలుచుటకు వీలైన తావు ఒకటి ఉన్నది. అది ఆట. ఆటలో నియమములను మనమే ఏర్పరచుకొందుము. కనుక ఒక్కొక్క నియమము వలన కలుగు ఫలితమును లెక్క కట్టి చూడవచ్చును. ఈ వ్యాసములో మారువేషమును గురించిన ఒక ఆటను తీసికొని, నేర్పునకును చవక సామగ్రికిని నడుమ త్రాసును ఎట్లు నిలుపవలెనో చూతము. ఇందుకు కావలసిన గణితము ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే: కూడిక, గుణకారము, వరుస సంఖ్యల మొత్తము.

విజయనగరపు మారువేషము

ఉదాహరణకై దూరము పోనక్కరలేదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' నాటకమును 1892లో విజయనగరములో జగన్నాథ విలాసినీ సభవారు మొదటిసారి ప్రదర్శించిరి. అది 1897లో అచ్చయ్యెను. బాగుగా పెంచి మార్చిన రెండవ కూర్పు 1909లో వెలువడెను. ఆ కథకు ఇరుసు ఒక మారువేషము. అగ్నిహోత్రావధానులు తన చిన్న కూతురు సుబ్బిని, రామచంద్రపురపు అగ్రహారములోని వృద్ధుడైన లుబ్ధావధానులకు సొమ్ము పుచ్చుకొని ఇచ్చుటకు నిశ్చయించును. ఆ పసిపిల్లను తప్పించుటకు మేనమామయైన కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడపిల్ల వేషము వేసి, తానే ఆ పిల్ల తండ్రినని చెప్పి, ముసలివానికి కట్టబెట్టును. పెండ్లి జరిగిన పిమ్మట ఆ పెండ్లికూతురు మాయమగును.

ఇందులో నేర్పు ఏది, సామగ్రి ఏది? కరటకశాస్త్రి నాటకములలో విదూషకుడు. శిష్యుడు ఆయన చేతి క్రింద తయారైనవాడు. ఇది నేర్పు. చీర, గాజులు, మధురవాణి ఇచ్చిన కంటె, ఇవి సామగ్రి. చీర చవక. కంటె ఖరీదైనదే కాని అరువుది, కనుక వేషగానికి అదియు చవకయే! పందెము మాత్రము చిన్నది కాదు. వేషము బయటపడినచో ఎక్కువగా నష్టపోవునది వేషగాడు కాదు, ఇంటివద్దనున్న సుబ్బి. కాబట్టి ఈ వేషము నిలుచుటకు అవకాశము ఎంత అన్న ప్రశ్న వట్టి వినోదపు ప్రశ్న కాదు.

బల్ల చుట్టు ఆడు నాటకము

పాశ్చాత్య దేశములలో ఒక విధమైన ఆట ప్రచారములో ఉన్నది. కొందరు బల్ల చుట్టు కూర్చుండి, తలకొక పాత్రను తీసికొని, కథను మాటలతో నడిపింతురు. ఒకరు సూత్రధారుడుగా ఉండి ఊరు, వాకిలి, ఎదురుపడు మనుష్యులు మొదలగువానిని వర్ణించును. ఆటగాడు తన పాత్ర ఏమి చేయదలచెనో చెప్పును. ఆ పని నెరవేరునో లేదో సందేహమైన చోట పాచిక వేయుదురు. ఇట్టి ఆటలలో మొదట అచ్చయి ప్రసిద్ధి చెందినది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. దీనిని గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికావారు 1974లో వెలువరించిరి. దీని నియమములు ఆ పిమ్మట పలుమారులు మారినవి. మారువేషమునకు, సామగ్రికి, మంత్రవస్తువులకు ఎంతెంత బలము ఇవ్వవలెనన్న చిక్కు ఈ మార్పులలో స్పష్టముగా కనబడును.

ఈ ఆటలో ముఖ్యమైన పాచిక 20 ముఖములు గలది. ఒక్కొక్క ముఖము సమబాహు త్రిభుజము. రేఖాగణితములో చెప్పబడు ఐదు క్రమ ఘనరూపములలో ఇది ఒకటి. ముఖములన్నియు ఒకే తీరున ఉండుటచే 1 నుండి 20 వరకు ఏ సంఖ్య పడుటకైనను సమాన అవకాశము ఉండును. మన అష్టాచెమ్మాలో వేయు గవ్వలకు, అరగదీసిన చింతపిక్కలకు ఈ గుణము లేదు. వెల్లకిల పడుటకు, బోర్ల పడుటకు అవకాశములు సమానము కానక్కరలేదు. పాచిక దొరకని బడిలో ఒకే కొలత గల 20 చీటీలపై 1 నుండి 20 వరకు అంకెలు వ్రాసి, ముంతలో వేసి కలిపి, ఒకటి తీసి చూచి మరల ముంతలోనే వేసినచో చాలును. ఖర్చు ఏమియు ఉండదు.

మన ఆటకు నియమము ఇది. వేషగాడు ఒక చీటీ తీసి, దానికి తన బలము కూడవలెను. చూచువాడు వేరొక ముంతలో నుండి చీటీ తీసి, తన చూపు యొక్క బలము కూడవలెను. వేషగాని మొత్తము ఎక్కువైనచో వేషము నిలిచినట్లు. సమానమైనను, తక్కువైనను బయటపడినట్లే.

నాలుగు వందల గళ్ళు

గళ్ళ కాగితము మీద 20 అడ్డవరుసలు, 20 నిలువువరుసలు గల చదరము గీయుడు. అడ్డవరుస వేషగాని చీటీని, నిలువువరుస చూచువాని చీటీని తెలుపును. మొత్తము 400 గళ్ళు. ప్రతి గడికి సమాన అవకాశము. వేషము నిలుచు గళ్ళను లెక్కించి 400 చేత భాగించినచో వచ్చునదే సంభావ్యత.

ఇద్దరి బలము సమానమనుకొందము. వేషగాడు 1 తీసినచో చూచువాడు ఏది తీసినను వేషము పోవును: 20 గళ్ళు. వేషగాడు 2 తీసినచో పోవునవి 19. ఇట్లు వేషము పోవు గళ్ళు 20 + 19 + 18 + ... + 1 = 210. నిలుచునవి 190, అనగా నూటికి 47.5. సగమునకు కొంచెము తక్కువ అగుటకు కారణము, కర్ణము మీది 20 సమాన గళ్ళను చూచువానికి ఇచ్చుటయే.

ఇప్పుడు వేషగానికి 1 బలము ఎక్కువ ఇత్తము. పోవు గళ్ళు 19 + 18 + ... + 1 = 190 అగును. మొదటి బలము 20 గళ్ళను సంపాదించి పెట్టెను. రెండవ బలము 19 గళ్ళనే తెచ్చును. పదవది 11 గళ్ళు మాత్రమే తెచ్చును. సూత్రరూపమున చెప్పవలెనన్న, వేషగానికి క బలము ఆధిక్యమున్నచో పోవు గళ్ళు (20 – క) × (21 – క) ÷ 2. వేషగాడు చ బలము వెనుకబడి ఉన్నచో నిలుచు గళ్ళు (19 – చ) × (20 – చ) ÷ 2.

సమాన స్థితి దాటిన పిమ్మట, పై మెట్టు క్రింది మెట్టు కంటె చిన్నది. ఈ మాట గుర్తుంచుకొనవలెను. తరువాత వచ్చు చిక్కంతయు దీని వలననే.

నేర్పు, పెట్టె, టోపీ

ఇప్పుడు మన శిష్యుని బల్ల మీదికి తెత్తము. అతని నేర్పు 6 అనుకొందము. మగపిల్లవాడు ఆడపిల్లగా కనబడవలెను గనుక 2 తగ్గింపు. ఈ తగ్గింపు డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2003 నాటి నియమములలో ఉన్నదే. చూచువాడు సామాన్యుడు, అతని బలము 0. అప్పుడు శిష్యుని ఆధిక్యము 4. పోవు గళ్ళు 16 × 17 ÷ 2 = 136; నిలుచునవి 264, నూటికి 66. ఏ శిక్షణయు లేని ఇంకొక పిల్లవాడు ఇదే వేషము వేసినచో 2 వెనుకబడి ఉండును. నిలుచు గళ్ళు 17 × 18 ÷ 2 = 153, నూటికి 38.25. రెంటికి తేడా 111 గళ్ళు. ఇది శిష్యుడు నేర్చిన విద్య వెల.

ఆ 2003 నియమములలోనే వేషసామగ్రి పెట్టె ఒకటి ఉన్నది. వెల 50 బంగారు నాణెములు, 10 సార్లు పనికి వచ్చును, బలము 2 పెంచును. ఇదిగాక ధరించినవాని రూపమును మార్చు మాయటోపీ ఒకటి ఉన్నది. వెల 1,800 నాణెములు, బలము 10 పెంచును. నాలుగు స్థితులలో వేషము నిలుచు అవకాశము ఇట్లుండును:

పెట్టెతో శిష్యుడు: 295 గళ్ళు, నూటికి 73.75.
పెట్టెతో శిక్షణ లేనివాడు: 190 గళ్ళు, నూటికి 47.5.
టోపీతో శిష్యుడు: 379 గళ్ళు, నూటికి 94.75.
టోపీతో శిక్షణ లేనివాడు: 322 గళ్ళు, నూటికి 80.5.

పెట్టె వలన బాధ లేదు. ఇద్దరికిని నడుమ తేడా 111 నుండి 105 గళ్ళకు మాత్రమే తగ్గెను. టోపీ వచ్చినప్పుడు తేడా 57 గళ్ళకు పడిపోయెను. అంతేకాదు, ఏమియు నేర్వనివాడు టోపీ పెట్టుకొని నూటికి 80.5 పొందగా, ఎంతో నేర్చిన శిష్యుడు పెట్టెతో కూడ 73.75 దగ్గరనే నిలిచెను. ఆ నియమముల ప్రకారము మొదటి అంతస్తులో ఉన్న పాత్రకు ఒక విద్యలో 4 మెట్లకు మించి నేర్పు ఉండరాదు. 10 మెట్లు చేరుటకు ఏడవ అంతస్తునకు ఎదుగవలెను. అంతటి సాధనను టోపీ ఒక్క బేరములో చేతికిచ్చుచున్నది.

వెల పెంచినచో చాలదా?

టోపీకి 1,800 నాణెములు వెల పెట్టితిమి గదా, అది చవక ఎట్లగునని అడుగవచ్చును. పెట్టెకు ఒక వాడకమునకు పడు ఖర్చు 50 ÷ 10 = 5 నాణెములు. టోపీ అరిగిపోదు. 1,800ను 5 చేత భాగించిన 360. 360 సార్లు వాడినచో టోపీ ఖర్చు పెట్టె ఖర్చుతో సమానమగును. ఆ పైన పెట్టె కంటెను చవక. పైగా కథలో దొంగిలించిన టోపీకి, బహుమానముగా వచ్చిన టోపీకి, మధురవాణి కంటెవలె అరువు దొరికిన దానికి వెలయే లేదు. కనుక వెల ఒక్కసారి అడ్డుపడు గుమ్మము మాత్రమే. దానిని దాటిన పిమ్మట అది ఆటను ఏమాత్రము అదుపు చేయదు.

టోపీని నిషేధించుట మరియొక మార్గము. కాని అది త్రాసు నిలుపుట కాదు, ఒక తట్టను విరిచివేయుట. నేర్పు మించిన బలము సామగ్రికి ఉండరాదని కట్టడి చేయుట మూడవది. అప్పుడు శిక్షణ లేనివానికి టోపీ వలన లాభము సున్న. క్రొత్తగా ఆటలోకి వచ్చినవాడు, నేర్చుకొను తీరిక లేనివాడు ఇట్టి నియమము వలన పూర్తిగా చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చును. సామగ్రి కొంతైనను సాయపడవలెను. నేర్పు దానికి లొంగిపోరాదు. ఈ రెండును నెరవేర్చు మార్గములు మూడు ఉన్నవి.

మొదటి మార్గము: పరీక్షను పొడిగించుట

ఆ కాలమున పెండ్లి ఐదు దినములు జరుగుట వాడుక. దినమునకు ఒక పరీక్ష చొప్పున ఐదు పరీక్షలు పెట్టి, ఐదింటను వేషము నిలువవలెనందము. వేరువేరు పరీక్షల సంభావ్యతలను గుణింపవలెను. టోపీతో శిక్షణ లేనివాని 0.805ను ఐదుసార్లు గుణించిన 0.338 వచ్చును. ఒక్కనాటి 80.5 ఐదు దినములకు 33.8 అయ్యెను! టోపీతో శిష్యుని 0.9475 అట్లే గుణించిన 0.764 వచ్చును. ఒక్క పరీక్షలో ఇద్దరికి తేడా నూటికి 14 మాత్రమే. ఐదు పరీక్షలలో అది 42 దాటెను. పై మెట్టు చిన్నదని ఇదివరకు అనుకొంటిమి. ఆ చిన్న మెట్లే దీర్ఘ పరీక్షలో విలువ సంపాదించుకొన్నవి.

అయితే ఈ మార్గమునకు ఒక హద్దు ఉన్నది. ఏ సామగ్రియు లేని శిష్యుడు ఐదు దినములు నెగ్గుట నూటికి 12.5 మాత్రమే. అనగా ఒకే వస్తువు ఇద్దరి చేతిలోను ఉన్నప్పుడు నేర్పునకు తగిన విలువ వచ్చును గాని, వట్టి చేతుల నేర్పు టోపీని గెలువలేదు.

రెండవ మార్గము: బలమునకు బదులు రెండవ చీటీ

సామగ్రి ఉన్నవానికి అంకె కలుపుటకు బదులుగా, రెండు చీటీలు తీసి పెద్దదానిని ఉంచుకొనుమని చెప్పవచ్చును. రెండుమార్లు పాచిక వేసి పెద్దదానిని గ్రహించు పద్ధతి డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 కూర్పులో విరివిగా వచ్చినది. దీనిని లెక్కించుటకు 20 × 20 × 20 = 8,000 గళ్ళు కావలెను. శిష్యుని వేషము పోవలెనన్న, అతని రెండు చీటీలును చూచువాని చీటీ కంటె కనీసము 4 తక్కువగా ఉండవలెను. అట్టి గళ్ళు 1 నుండి 16 వరకు గల సంఖ్యల వర్గముల మొత్తము, అనగా 1,496. నిలుచు అవకాశము నూటికి 81.3. ఇదే రీతిని శిక్షణ లేనివానికి లెక్కించిన, పోవు గళ్ళు 3,665. నిలుచు అవకాశము 54.2.

రెండవ చీటీ శిష్యుని 66 నుండి 81కిని, శిక్షణ లేనివానిని 38 నుండి 54కును ఎత్తెను. ఇద్దరికిని మంచి లాభమే. ఇద్దరి నడుమ తేడా మాత్రము ఇంచుమించు మునుపటివలెనే నూటికి 27గా నిలిచెను. సామగ్రి ఉన్న అజ్ఞుడు వట్టి చేతుల నిపుణుని దాటలేదు. త్రాసు నిలిచినది.

మూడవ మార్గము: పనిని పంచుట

టోపీ ముఖమును మార్చును, మాటను మార్చునా? పగటివేషగాళ్ళ విద్యను చూచినవారికి ఈ ప్రశ్నకు జవాబు తెలియును. వారు దీపపు వెలుగులో రంగస్థలము మీద కాక, పట్టపగలు, వీధిలో, చూచువానికి చేరువగా నిలిచి నమ్మింపవలెను. అర్ధనారీశ్వర వేషములో ఒకే మనిషి ఒక ప్రక్క పురుషుడు, ఒక ప్రక్క స్త్రీ. నడుమ ఒక తెరగుడ్డ. తెర అటునిటు మారినంతనే గొంతు మారును, నడక మారును, నిలుచు తీరు మారును. గుడ్డ చవక, గొంతు చవక కాదు.

కనుక ప్రతి మారువేషమునకు రెండు పరీక్షలు పెట్టుదము. ఒకటి రూపమునకు, దీనిలో సామగ్రి బలము చెల్లును. ఒకటి మాటకును నడకకును. దీనిలో నేర్పు మాత్రమే చెల్లును. టోపీతో శిక్షణ లేనివాడు రెంటను నెగ్గుట 0.805 × 0.3825, అనగా నూటికి 30.8. వట్టి చేతుల శిష్యుడు నెగ్గుట 0.66 × 0.66, నూటికి 43.6. పెట్టెతో శిష్యుడైనచో 48.7. నేర్పు పైచేయి అయినది. అయినను సామగ్రి వ్యర్థము కాలేదు.

2014 కూర్పు కూడ ఈ త్రోవనే కొంత నడచినది. వేషసామగ్రి పెట్టె వెల 25 నాణెములకు తగ్గెను. కాని అందరికి ఒకే అంకె ఇచ్చుట మాని, దానిని వాడుటలో శిక్షణ పొందినవాని నేర్పునే కలుపుకొననిచ్చిరి. రూపము మార్చు మంత్రము ఒక గంట మాత్రమే నిలుచును; చేతితో తాకినచో గుట్టు బయటపడును. చవక వస్తువును తీసివేయలేదు, అది చేయగల పనికి ఎల్ల గీసిరి.

చూచువాని కన్ను

ఇంతవరకు చూచువాని బలము 0 అనుకొంటిమి. 2003 నియమములలో వేషగాడు ఎవరి రూపము ధరించెనో ఆ మనిషిని ఎరిగినవానికి చూపు బలము పెరుగును: చూచి గుర్తుపట్టువానికి 4, స్నేహితునికి 6, ఆప్తమిత్రునికి 8, అతి సన్నిహితునికి 10. శిష్యుడు సుబ్బి వేషమే వేసి సుబ్బి తల్లి ఎదుట నిలిచెననుకొనుడు. అతని 4 ఆధిక్యము 6 లోటుగా మారును; నిలుచు గళ్ళు 13 × 14 ÷ 2 = 91, నూటికి 22.75. కరటకశాస్త్రి శిష్యుని సుబ్బిగా చూపలేదు. ఎవరికిని ముఖపరిచయము లేని ఒక క్రొత్త పిల్లగా చూపెను. ఆ ఎంపిక వలన చూచువానికి దక్కవలసిన 10 బలము దక్కలేదు. అనగా ఆలోచనయే ఒక మాయటోపీ ఎత్తు పని చేసినది, కాని ఖర్చు లేకుండ. మంచి ఆట అట్టి ఆలోచనకు ప్రతిఫలము ఇవ్వవలెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు తరగతిని నాలుగు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టుకు రెండు ముంతలు, రెండు కట్టల చీటీలు ఇవ్వవచ్చును. వేషగానికి 4 ఆధిక్యము పెట్టి, ప్రతి జట్టు 50 సార్లు ఆడవలెను. మొత్తము 200 ఆటలలో వేషము సుమారు 132 సార్లు నిలువవలెను. సరిగా 132 రాకపోయినచో ఆశ్చర్యపడరాదు. ఇట్టి ప్రయోగము 20 మార్లు చేసినచో సుమారు 19 మార్లు ఫలితము 119కిని 145కిని నడుమ ఉండును. ఏ ఒక్క జట్టు ఫలితమో చూచి తొందరపడి నిర్ణయింపరాదని, నాలుగు జట్ల ఫలితములు కూడిన కొలది లెక్కకు దగ్గరగుట సహజమని విద్యార్థులు స్వయముగా తెలిసికొందురు.

పిమ్మట వారినే నియమకర్తలుగా చేసి ఈ ప్రశ్న ఇవ్వవచ్చును: టోపీకి 10కి బదులు ఎంత బలము ఇచ్చినచో, టోపీ గల శిక్షణ లేనివాడును వట్టి చేతుల శిష్యుడును ఒక్క పరీక్షలో సరిసమానమగుదురు? జవాబు 6, అది శిష్యుని నేర్పునకు సమానము. అంతకు ఒక్కటి తగ్గించినను నేర్పు ముందుండును, ఒక్కటి పెంచినను టోపీ ముందుండును. ఇంత చిన్న అంకె మీద ఆట న్యాయము ఆధారపడి ఉన్నది. ఆటలకే కాదు, పరీక్షలకును, పోటీలకును నియమములు వ్రాయువారు ఎవరైనను, వ్రాయుటకు ముందు గళ్ళ కాగితము ఒకటి ముందు పెట్టుకొని లెక్కించుట మంచిది. ఏ వస్తువు ఎంత ఖరీదు అని కాక, అది ఎవని చేతిలో ఎన్ని గళ్ళు మార్చుచున్నది అని అడుగవలెను.